బంతి చేతిలో ఉన్నంతసేపే

పాస్ మంచిదా చెడ్డదా అన్నది స్కోర్‌బోర్డు చెప్పదు. అమెరికన్ క్వార్టర్‌బ్యాక్, హైదరాబాద్ కోచ్ రహీం శిష్యులు, ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేసిన ఒక కెప్టెన్... ముగ్గురి కథా చెప్పేది అదే

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అంటే ఆటోవాడికి రెండో మాట చెప్పనక్కర్లేదు. స్టేషన్ నుంచి ఐఐటీ వైపు వెళ్లే దారిలో, ఒడిశా దిక్కుగా సాగే పట్టాల దగ్గర ఉందది. బండ్లు ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కి పోతున్నాయి. పేరులో మాత్రం గేటు అలాగే ఉండిపోయింది. లెవెల్ క్రాసింగ్ చూసి పెరిగినవాళ్లకు ఒక దృశ్యం బాగా తెలుసు. గేటు పడుతుంది. రైలు కనిపించదు. సైకిలువాడొకడు అటూ ఇటూ చూసి, తలవంచి, కర్ర కింది నుంచి దూరిపోతాడు. క్షేమంగా దాటితే చలాకీ కుర్రాడంటారు. దాటలేకపోతే బుద్ధిలేనివాడంటారు. కుర్రాడు తీసుకున్న నిర్ణయం రెండుసార్లూ ఒకటే. మారింది రైలు ఎంత దూరంలో ఉందన్నదే.

ఈ సంగతి క్రీడల్లో అర్థమైనంత తేటగా ఇంకెక్కడా అర్థం కాదు. అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి పాస్‌ల గురించి జరిగినంత వాదన మరే ఆటలోనూ జరగదు. అమెరికాలో ఆదివారం సాయంత్రం జరిగే సూపర్ బౌల్ మనకు సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకు మొదలవుతుంది. డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడది ఓ పండగ. పిల్లలు అక్కడే పుట్టారు కాబట్టి తల్లిదండ్రులు నేర్చుకోక తప్పలేదు. మన దేశంలోనూ ఓ ప్రయత్నం జరిగింది. 2012లో ఆడిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు కూడా ఉండేది. లీగ్ నిలదొక్కుకోలేదు. ఆట మాత్రం అర్థం చేసుకోదగినదే.

మూడు సెకన్ల పని

జట్టుకు పదకొండు మంది. బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. ప్రతి ప్రయత్నమూ ఒకేలా మొదలవుతుంది. మధ్యలో వంగి నిలబడినవాడు కాళ్ల సందు నుంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. ఆ క్షణం నుంచి నూట ముప్ఫై కిలోల మనుషులు నలుగురైదుగురు అతని మీద పడటానికి వస్తుంటారు. అతని ముందు గోడ కట్టిన సొంత జట్టువాళ్లు వాళ్లను ఎంతసేపు ఆపగలిగితే అతనికి అంతే సమయం. సగటున మూడు సెకన్లలోపే బంతి చెయ్యి దాటాలి.

ఆ మూడు సెకన్లలో అతను ఎవరికివ్వాలో ఆలోచిస్తాడనుకుంటే పొరపాటు. ఆలోచనలో చాలా భాగం అంతకు ముందే అయిపోతుంది. ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య 40 సెకన్ల గడియారం తిరుగుతుంటుంది. ఈ వ్యవధిలో కోచ్ అతని హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా ఏ ఎత్తు ఆడాలో చెబుతాడు. గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ స్పీకర్ మూగబోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధన అది. అక్కడి నుంచి కోచ్ మాట వినపడదు, కళ్లకు కనిపించిందే ఆధారం. ఎదురు జట్టులో బాగా వెనక నిలబడ్డవాళ్లు ఒకరా, ఇద్దరా? తన మనిషిని ఇటు నుంచి అటు నడిపిస్తే వాడి వెంట ఎవరైనా కదిలారా, లేక అందరూ ఉన్నచోటే ఉన్నారా? వెంట కదిలితే మనిషికి మనిషి కాపలా. కదలకపోతే స్థలానికి కాపలా. నచ్చకపోతే అక్కడికక్కడే ఎత్తు మార్చేసే హక్కు అతనికుంది.

బంతి అందాక చూపు తిరిగే వరస కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. మొదట ఫలానావాడు. వాడికి దారి మూసుకుపోతే రెండోవాడు. ఆ తరువాత మూడోవాడు. ఎవరూ ఖాళీగా లేకపోతే పక్కనే నాలుగడుగుల దూరంలో ఉన్నవాడికి చిన్న పాస్. అదీ కుదరకపోతే బంతిని గీత బయటికి విసిరెయ్యడం. చూసేవాళ్లకు ఇది చేతకానితనంలా అనిపిస్తుంది. నిజానికి క్వార్టర్‌బ్యాక్‌కు అన్నిటికన్నా ఆలస్యంగా ఒంటబట్టే విద్య ఇదే. పోయేది ఒక్క ప్రయత్నం, బంతి మాత్రం మనదే. కాకపోతే నియమం ఉంది. కాపలా గోడ లోపలే నిలబడి, మనవాడెవడూ లేని చోటికి ఊరికే విసిరితే శిక్ష పడుతుంది. కాబట్టి పారెయ్యడానికీ పద్ధతి తెలియాలి.

ఇంకో కష్టం కూడా ఉంది. రిసీవర్ ఖాళీ అయ్యాక విసిరితే అప్పటికే ఆలస్యం. బంతి గాలిలో ఉన్న అర సెకను, సెకనులో కాపలాదారు వచ్చేస్తాడు. అందుకని రిసీవర్ మలుపు తిరగకముందే, వాడు చేరబోయే చోటికి బంతి వేసెయ్యాలి. అంటే విసిరేటప్పటికి అక్కడ ఎవరూ ఉండరు. జాగ్రత్తగా చూడనివాళ్లకు అది పిచ్చి విసురులా ఉంటుంది.

మనదైనా కావాలి, ఎవరిదీ కాకపోవాలి

1982 జనవరి 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక పాస్‌ను అమెరికన్లు ఇప్పటికీ 'ద క్యాచ్' అనే పిలుస్తారు. డల్లాస్ 27, శాన్‌ఫ్రాన్సిస్కో 21. మిగిలింది 58 సెకన్లు. డల్లాస్ గోల్ గీతకు ఆరు గజాల దూరం. మూడో ప్రయత్నం. క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా మొదట చూడాల్సిన మనిషి ఫ్రెడ్డీ సాలమన్. అతను కాలు జారాడు. మోంటానా కుడివైపు గీత దాకా పరుగెత్తాడు. మీదకి ముగ్గురు వస్తున్నారు. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ రెండోవాడైన డ్వైట్ క్లార్క్ వైపు బంతిని బాగా ఎత్తుగా వదిలాడు. క్లార్క్ గాలిలోకి ఎగిరి వేళ్లకొసలతో పట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో 28-27తో గెలిచింది.

దీన్ని అదృష్టం ఖాతాలో వేసినవాళ్లు చాలామంది. లెక్కతో చూస్తే కథ వేరుగా ఉంటుంది. అది మూడో ప్రయత్నం. అంటే ఇంకోటి చేతిలో ఉంది. బంతి క్లార్క్‌కు అందకపోతే గీత అవతల పడుతుంది, గడియారం ఆగుతుంది. డల్లాస్ ఆటగాడు అంత ఎత్తు అందుకోలేడు. కాబట్టి ఆ పాస్‌కు ఉన్న దారులు రెండే. అందితే విజయం, అందకపోతే మరో ప్రయత్నం. మూడోదైన నష్టం దారిని మోంటానా బంతి ఎత్తుతోనే మూసేశాడు. క్లార్క్ పట్టుకోకపోయినా అది మంచి పాసే. ఆ మాట అనడానికి మాత్రం అప్పుడు ఎవరూ మిగిలేవారు కాదు.

సరిగ్గా దీనికి తలకిందులైన ఘటన 2015 ఫిబ్రవరి 1న జరిగింది. సూపర్ బౌల్‌లో సియాటిల్ జట్టు 24-28తో వెనకబడి ఉంది. గోల్ గీతకు ఒక్క గజం దూరం. రెండో ప్రయత్నం. 26 సెకన్లు, ఒక్క టైమవుట్ మిగిలాయి. ఎద్దులా దూసుకుపోయే మార్షాన్ లించ్ పక్కనే ఉన్నాడు. బంతి అతనికిచ్చి తొయ్యమంటే పోయేదని స్టేడియమంతా అనుకుంటోంది. సియాటిల్ పాస్ వేసింది. రసెల్ విల్సన్ విసిరిన బంతిని న్యూ ఇంగ్లండ్ కుర్రాడు మాల్కమ్ బట్లర్ మధ్యలో దూరి లాక్కున్నాడు. ఆట అయిపోయింది. ఇంత తెలివితక్కువ నిర్ణయం ఆట చరిత్రలోనే లేదని మర్నాడు పత్రికలు రాశాయి.

నిజమేనా? సియాటిల్ కోచ్ పీట్ కారోల్ ముందున్న లెక్క ఇది. మూడు ప్రయత్నాలున్నాయి. టైమవుట్ ఒకటే. మూడుసార్లూ బంతి పట్టుకుని పరుగెత్తితే, ఆగిపోయిన ప్రతిసారీ గడియారం తిరుగుతూనే ఉంటుంది. మూడోదానికి సమయం మిగలకపోవచ్చు. పాస్ వేసి అది నేలపాలైతే గడియారం ఆగుతుంది, ఇంకా రెండు పరుగులకు వీలుంటుంది. ఆ సీజన్‌లో ఒక గజం దూరం నుంచి లీగ్‌లోని జట్లన్నీ కలిసి వందకు పైగా పాస్‌లు వేశాయి. ఆ రాత్రి వరకు ఒక్కటీ ప్రత్యర్థి చేతికి పోలేదు. లించ్ అదే దూరం నుంచి ఆ సీజన్‌లో ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే గీత దాటాడు. అంటే పాస్ వేయమనడం పిచ్చితనమేమీ కాదు. ఏ రకం పాస్ అన్నదాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు. జనం కిక్కిరిసిన మధ్య భాగంలోకి కాకుండా మూలకు ఎత్తుగా వేసి ఉంటే, మోంటానా పాస్‌లాగే అది మనదైనా అయ్యేది, ఎవరిదీ కాకపోయేది.

బట్లర్ వైపు నుంచి చూస్తే ఇంకో పాఠం కనబడుతుంది. ఏ జట్టూ ఎంపికల్లో తీసుకోని అనామకుడతను. అంతకు కొద్ది రోజుల ముందు ప్రాక్టీసులో సరిగ్గా ఇదే ఎత్తును సొంత జట్టువాళ్లు అతని మీద ఆడి చూశారు. అప్పుడు అతను ఆలస్యమయ్యాడు, బంతి తగలలేదు, చీవాట్లు తిన్నాడు. సూపర్ బౌల్‌లో ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనకొకరు నిలబడటం చూడగానే అతనికది గుర్తొచ్చింది. ఈసారి ఆగలేదు. విల్సన్ నిర్ణయం వెనక ఎంత లెక్క ఉందో, బట్లర్ దూకుడు వెనకా అంతే ఉంది. రెండు మంచి నిర్ణయాలు ఎదురుపడితే ఒకటి ఓడక తప్పదు.

డ్రిబ్లింగ్ నిషేధం

ఎవరికి, ఎప్పుడు, ఎక్కడికి అన్న ఈ మూడు ప్రశ్నలూ తెలుగు నేలకు కొత్తవి కావు. మన ఫుట్‌బాల్‌లో వాటిని ఒక పద్ధతిగా నేర్పిన మనిషి హైదరాబాద్‌లో ఉండేవారు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయి, కలకత్తా క్లబ్బుల ముందు ఎవరూ లెక్కపెట్టని ఊరి నుంచి వచ్చిన పోలీసులు వాళ్లు.

అప్పట్లో మన ఫుట్‌బాల్‌లో గొప్పవాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. జనం చప్పట్లు కొట్టేదీ వాడికే. రహీం హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో పోటీలు పెట్టారు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి అందించాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతోనూ పోటీలు నడిపారు. వినోదానికి పెట్టినవి కావవి. బంతిని దాచుకునే వీలు లేనప్పుడు, అది వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసిపెట్టుకోవాలి. రెండు కాళ్లూ పనిచేస్తే చూడదగిన దిక్కులు రెట్టింపవుతాయి. క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందకముందే సగం పని పూర్తి కావాలని అమెరికన్ కోచ్‌లు అంటారు. అదే పనిని రహీం కాళ్లతో చేయించారు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్లతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. నాలుగేళ్ల తరువాత 1956లో మెల్‌బోర్న్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. మొదటి నుంచీ ముందుండే సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి, అతని చేత పాస్‌లు పంచించే హంగరీ పద్ధతిని రహీం శ్రద్ధగా గమనించి మన ఆటగాళ్లకు తగ్గట్టు మలిచారు. వెనక్కి వచ్చినవాడి వెంట కాపలాదారు వస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే బంతి అందుకున్నవాడికి చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది. తన మనిషిని నడిపించి ఎదుటివాడి కాపలాను కనిపెట్టే క్వార్టర్‌బ్యాక్ కిటుకు కూడా ఇదే.

ఈ బడిలో తయారైనవారిలో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఒకరు. 1956, 1960 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడారు. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1961లో కెప్టెన్ కూడా అయ్యారు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... భారత ఫుట్‌బాల్‌లో ఈ ముగ్గురినీ త్రిమూర్తులుగా చెప్పుకుంటారు. 1960లో రోమ్‌లో భారత్ హంగరీ చేతిలో 1-2తో ఓడింది. ఆ ఒక్క గోల్ బలరాందే. హంగరీ చివరికి కాంస్యం గెలుచుకుంది. తరువాత ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూతో 1-3 ఓటమి. అందులోనూ మన గోల్ ఆయనదే. పట్టికలో చూస్తే భారత్‌కు దక్కింది ఒక్క పాయింటు. ఆటలో చూస్తే, ఎనిమిదేళ్ల కింద పది గోల్స్ తిన్న దేశం యూరప్ మేటి జట్లతో నువ్వా నేనా అన్నట్టు పోరాడింది.

రహీం ఫలితం చూసి బెదిరేవారు కాదనడానికి 1962 జకార్తా ఆసియా క్రీడలే సాక్ష్యం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. ఆయన పద్ధతి మార్చలేదు. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనల్‌కు చేరితే ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియాయే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలుగానైతే బెంచి మీద కూర్చోబెట్టాలి. రహీం అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో ఒకటి, ఫైనల్‌లో ఒకటి జర్నైల్ గోల్స్. సెప్టెంబరు 4న భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. జర్నైల్ తల మళ్లీ పగిలి ఉంటే ఇదే నిర్ణయానికి ఏ పేరు పెట్టేవారో ఊహించడం కష్టం కాదు. అయితే రహీం గుడ్డిగా విసరలేదు. జర్నైల్‌కు ఫార్వర్డ్‌గా ఆడిన అనుభవం ఉందని ఆయనకు తెలుసు.

క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తరువాత భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం చూడలేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు 1960 తరువాత వెళ్లనే లేదు. కారణాలు అనేకం. బంతి వచ్చేలోపే చూడటం నేర్పే బడి ఒకటి మూతపడటం అందులో తప్పకుండా ఉంటుంది. ఆయన కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా కొత్త తరానికి ఆ పేరే తెలియదు.

బీఎన్ఆర్ ఊరు

1963లో బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్ జట్టులో చేరారు. బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా ఫుట్‌బాల్ జట్టు పాత పేరుతోనే ఆడింది. ఖరగ్‌పూర్‌ను ఊరుగా నిలబెట్టింది ఆ రైల్వేయే. వర్క్‌షాప్ కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు తరలి వచ్చారు. తరాలు గడిచినా ఇళ్లలో తెలుగు మిగిలింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూరే ప్రధాన కారణం.

అనారోగ్యం వల్ల బలరాం ఆట త్వరగానే ముగిసింది. ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న మరణించారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. పద్మ పురస్కారం రాలేదు. ఆయన కొట్టిన గోల్స్ పుస్తకాల్లో ఉన్నాయి. ఇచ్చిన పాస్‌ల లెక్క ఎక్కడా లేదు. ఆ రోజుల్లో గోల్ ఎవరిదో రాసుకునేవారు, బంతి ఎవరి నుంచి వచ్చిందో రాసే అలవాటు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈరోజు ఆటగాడి భుజాల కవచంలో చిప్ ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎంత వేగంతో ఉన్నారు, ఆ క్షణంలో ఆ పాస్ అందే అవకాశం నూటికి ఎంత అన్నది కంప్యూటర్ లెక్కగడుతుంది. అందే అవకాశం తక్కువున్న పాస్‌ను అందించినవాడికి ఎక్కువ మార్కులు. ప్రత్యర్థి చేతిలో పడాల్సింది వాడు జారవిడవడంతో బతికిపోయిన పాస్‌ను కూడా విశ్లేషకులు తప్పుగానే రాసుకుంటారు. తన రిసీవర్ చేతుల్లోంచి ఎగిరి ప్రత్యర్థికి చిక్కిన బంతిని క్వార్టర్‌బ్యాక్ పాపం కింద వెయ్యరు. బలరాం కాలానికి ఇలాంటి లెక్కే ఉండి ఉంటే త్రిమూర్తుల్లో మూడో పేరు మూడోదిగానే ఉండేదా అన్నది చర్చించదగిన ప్రశ్న.

ఖరగ్‌పూర్‌కు ఇంకో 'బంతి ఎవరికి' కథ కూడా ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరున్న 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం మీద 2001 నుంచి 2003 వరకు రాంచీ కుర్రాడొకడు టికెట్లు తనిఖీ చేశాడు. సాయంత్రాలు రైల్వే జట్టుకు ఆడాడు. మహేంద్రసింగ్ ధోని 2007 సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో కెప్టెన్‌గా నిలబడేసరికి టి20 ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్ మిగిలింది. పాకిస్థాన్‌కు 13 పరుగులు కావాలి. ఒక్క వికెట్ ఉంది. క్రీజులో మిస్బా ఉల్ హక్. హర్భజన్‌కు ఒక ఓవర్ మిగిలే ఉంది. ధోని బంతిని జోగిందర్ శర్మకిచ్చాడు.

మొదటిది వైడ్. తరువాతి బంతికి పరుగు రాలేదు. ఆ పై బంతి సిక్సర్. నాలుగు బంతుల్లో ఆరు కావాలి. ఆ ఘడియలో దేశంలో ధోనిని తిట్టనివాళ్లు తక్కువ. మిస్బా వెనక్కి ఎత్తి కొట్టబోయాడు, బంతి గాలిలో లేచింది, శ్రీశాంత్ పట్టాడు. ఐదు పరుగుల తేడాతో భారత్ గెలిచింది. ధోని మేధావి అయ్యాడు. సిక్సర్‌కూ క్యాచ్‌కూ మధ్య ఒక్క నిమిషం కూడా గడిచి ఉండదు. ఆ నిమిషంలో అతని నిర్ణయంలో మారిందేమీ లేదు.

మరి నిర్ణయం మంచిదా? బంతి ఇచ్చేటప్పుడు ధోనికి తెలిసినదాంతో చూడాలి. హర్భజన్ మూడు ఓవర్లలో 36 పరుగులిచ్చాడు. మిస్బా అతని ఒక్క ఓవర్లోనే మూడు సిక్సర్లు బాదాడు. జోగిందర్ ఆ రోజు పొదుపుగా వేశాడు. రెండు రోజుల ముందు ఆస్ట్రేలియాతో సెమీఫైనల్‌లో ఆఖరి ఓవర్ వేసి నెగ్గించాడు. పేరు చూస్తే హర్భజన్, ఆ సాయంత్రం పరిస్థితి చూస్తే జోగిందర్. క్వార్టర్‌బ్యాక్ కోచ్ భాషలో చెప్పాలంటే మొదటి మనిషికి దారి మూసుకుపోయింది, చూపు రెండో మనిషి మీదకి తిప్పాడు. మిస్బా ఆ బంతినీ స్టాండ్స్‌లోకి కొట్టి ఉన్నా ఈ లెక్కలో తప్పు పట్టడానికి లేదు.

ఫ్లైఓవర్ మీది చూపు

విశ్లేషకులకు ఉన్న సౌకర్యం ఆటగాడికి లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇరవై ఇద్దరూ ఒకేసారి కనిపించేలా స్టేడియం పై నుంచి తీసే వీడియో ఉంటుంది. అది చూస్తూ, ఎడమవైపు రిసీవర్ ఖాళీగా ఉంటే ఇతను కుడివైపు ఎందుకు విసిరాడని అడగడం సులభం. ఫ్లైఓవర్ మీద నిలబడి చూస్తే పూరీ గేట్ దగ్గర బండి ఎటు నుంచి వస్తుందో రెండువైపులా కనబడుతుంది. కింద పట్టాల పక్కన నిలబడ్డవాడికి ఎదుట ఉన్నదే కనబడుతుంది. క్వార్టర్‌బ్యాక్ నిలబడేది కిందనే. అతని కళ్లకూ రిసీవర్‌కూ మధ్య ఆరున్నర అడుగుల మనుషులు చేతులెత్తి ఉంటారు. అందుకే మంచి కోచ్‌లు వీడియో ఆపి మొదట అడిగేది 'ఎందుకలా విసిరావు' అని కాదు, 'అప్పుడు నీకేం కనబడింది' అని. చూడాల్సింది చూడకపోతే అది దిద్దదగిన తప్పు. సరిగ్గా చూసి, సరిగ్గా ఎంచుకుని, ఫలితం బెడిసికొడితే దిద్దడానికి ఏమీ లేదు. మళ్లీ అదే చెయ్యమని భుజం తట్టాలి.

మన మైదానాల్లోనూ ఇళ్లల్లోనూ జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. గోల్ పడితే పాస్ మంచిది, పడకపోతే చెడ్డది. ర్యాంకు వస్తే తీసుకున్న కోర్సు మంచిది, రాకపోతే ముందే చెప్పామంటారు. దీనివల్ల జరిగే నష్టం తిట్లతో ఆగదు. తిట్టుకు భయపడ్డ కుర్రాడు తిట్టు పడని పాస్‌నే ఎంచుకుంటాడు. ముందుకు దారి కనిపిస్తున్నా పక్కవాడికి తోసేసి బాధ్యత దులుపుకుంటాడు. మరోపక్క, గేటు కింద దూరి క్షేమంగా బయటపడ్డవాడు రేపు మళ్లీ దూరతాడు. ఒకడు ధైర్యం కోల్పోతాడు, ఇంకొకడు భయం కోల్పోతాడు. రెండూ ఒకే చెడ్డ లెక్కలోంచి పుట్టినవే.

రైల్వే కొలువంటే ఇంటిల్లిపాదికీ అండ అని నమ్మే ఊరు ఖరగ్‌పూర్. ఆ కొలువును దాటి పోయిన ధోని 2004 డిసెంబరులో బంగ్లాదేశ్‌పై తన తొలి వన్డేలో సున్నాకే రనౌటయ్యాడు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద పాత సహోద్యోగులను అడిగి ఉంటే జవాబు ఒకలా వచ్చేది. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్థాన్‌పై 148 పరుగులు చేశాక అడిగి ఉంటే ఇంకోలా వచ్చేది. ఉద్యోగం వదలాలన్న నిర్ణయం మాత్రం ఆ రెండు రోజులకన్నా ముందటిది. అది తీసుకున్నప్పుడు అతని చేతిలో ఉన్నవి అతని ఆట, వయసు, వస్తున్న అవకాశాలు. తూచాల్సింది వాటినే.

రైల్వేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఎక్కడైనా బండి తప్పు దారి పట్టిందంటే విచారణలో డ్రైవర్‌ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది. సిగ్నల్ ఏ రంగు చూపించింది? ఎవరిని తప్పుపట్టాలన్నది ఆ జవాబు వచ్చాకే తేలుతుంది. మైదానంలో పాస్ తప్పిన కుర్రాడిని కూడా, కేకలు వేసే ముందు, అదే అడిగితే సరిపోతుంది.